పశువుల నెత్తుటిలోని కావలి

1868వ సంవత్సరపు వేసవిలో టెక్సాసు సీమకు చెందిన పొడవు కొమ్ముల పశువులను మందలు మందలుగా పొగయోడల కెక్కించి, మిసిసిపీ నది వెంట ఎగువకు గొనివచ్చి, ఇల్లినాయి రాష్ట్రమందలి కెయిరో పట్టణమున దింపిరి. అచ్చటినుండి పొగబండ్లమీద ఇల్లినాయి, ఇండియానా సీమల పచ్చికబయళ్లకు చేర్చిరి. వచ్చిన పశువులు ప్రయాణపు బడలికచే చిక్కినవే గాని రోగిష్ఠివి కావు. అవి మేసినవి, నెమరు వేసినవి, కండపట్టినవి. కొన్ని వారములు గడచునప్పటికి ఆ బయళ్లలోనే మేయుచున్న స్థానికుల ఆవులు తీవ్రమైన జ్వరముచే పడి, ఎఱ్ఱని మూత్రము విడుచుచు, ఒకదాని వెంట నొకటి చావసాగెను. రోగము తెచ్చినవి బ్రదికియుండెను. రోగ మెఱుగని సీమలోనివి చచ్చెను.

ఇట్టి చావులు అంతకు ముందును కలవు. మిస్సూరి రాష్ట్రపు శాసనసభవారు 1855లోనే యొక చట్టము చేసి, రోగముగల పశువులను తమ సీమలోనికి గాని, తమ సీమ మీదుగా గాని తోలరాదని నిషేధించిరి. ఆ చట్టము నిష్ఫలమయ్యెను. హద్దున నిలిచి పరీక్షించువానికి టెక్సాసు పశువునందు రోగచిహ్న మేదియు కానరాదు. కానరానిదానిని ఏ చట్టము చూపి ఆపగలడు? చట్టము చేయజాలని పనిని కొన్ని చోట్ల కర్షకులే తుపాకులు చేతబట్టి చేయ బూనిరి.

ఆ చట్టమును వ్రాసినవారు అవివేకులని నేను తలపను. లోకమంతయు నమ్మిన మాటనే వారును నమ్మిరి. ఆరోగ్యముగా కనబడు జంతువు నిజముగా ఆరోగ్యముగానే యున్నదనియు, రోగము కుదిరినదనగా రోగబీజము దేహమును విడిచిపోయినదనియు మనలో నేటికిని ఎందఱు నమ్ముచున్నారు! పశువుల నెత్తుటిని ఆశ్రయించి బ్రదుకు పరాన్నజీవుల చరిత్రలో మాటిమాటికి దెబ్బతిన్నది ఈ నమ్మికయే.

పసులు తోలువారిలో మఱియొక మాట వాడుకలో నుండెను. ఈ చావులకు కారణము దక్షిణపు పశువుల మేన నుండి రాలు పిడుదులని వారనిరి. పండితులు ఆ మాటను విని నవ్విరి. పిడుదు నెత్తురు త్రాగును గాని జ్వరము నెట్లు మోయగలదని వారి ప్రశ్న. 1884లో అమెరికా ప్రభుత్వమువారు పశుపరిశ్రమ శాఖ నొకదానిని నెలకొల్పిరి. అందు ఉద్యోగియైన థియోబాల్డు స్మిత్తు అను యువకుడు మాత్రము నవ్వక, ఆ మాటను పరీక్షింప దలంచెను. ఆయన మనుష్య వైద్యము చదివినవాడు. ఆయనకు తోడు కిల్బర్ను అను పశువైద్యుడును, పిడుదు జీవితక్రమమును కనుగొన్న కూపర్ కర్టీసు అను నాతడును ఉండిరి.

1889 వేసవిలో వాషింగ్టను నగరము చెంతనున్న ప్రయోగక్షేత్రమునకు ఉత్తర కరోలినానుండి ఏడు పశువులను తెప్పించిరి. వానిలో కొన్నిటిని పిడుదులతో కూడ నొక దడిలో నుంచి, ఉత్తరదేశపు పశువులను వానితో కలిపి మేపిరి. తక్కినవాని మేనినుండి పిడుదులను చేతులతో ఏఱి, మరల మరల వెదకి ఏఱి, ఇంకొక దడిలో ఉత్తరదేశపు పశువులతో నుంచిరి. మూడవ దడిలో దక్షిణపు పశు వొక్కటియు లేదు. పిడుదులను మాత్రము తెప్పించి పచ్చికలో చల్లిరి. మొదటి దడిలోను మూడవ దడిలోను ఉత్తరదేశపు పశువులు జ్వరపడెను. రెండవదానిలో పడలేదు. సాయంకాలమున మన యిండ్లలో పెద్దవాండ్రు ఆవు గంగడోలు క్రిందను, చెవులలోను, పొదుగు సందునను పిడుదులు ఏఱుట చూచినవారికి ఈ రెండవ దడి పని యెంత ఓర్పుతో కూడినదో తెలియును. ఒక్కటి మిగిలినను ప్రయోగము చెడును.

మఱుసటి యేట స్మిత్తు గ్రుడ్లనుండి పొదిగించిన పసి పిడుదులను, అనగా అంతవఱకు ఏ పశువును ముట్టనివానిని, ఆరోగ్యవంతమైన పశువులపై విడిచెను. అవియు జ్వరపడెను. తల్లి పిడుదు త్రాగిన నెత్తుటిలోని బీజము గ్రుడ్డు ద్వారా పిల్లకు సంక్రమించుచున్నదని దానివలన స్థిరపడెను. ఆ బీజమును స్మిత్తు సూక్ష్మదర్శినిలో చూచెను. ఎఱ్ఱ రక్తకణము లోపల, ఒక కొన సన్నగిలిన జామకాయ వంటి ఆకృతితో, జంటలు జంటలుగా నుండెను. అంతకు కొంచెము ముందు, 1888లో, రుమేనియా దేశమున విక్టరు బబేషు అను శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱమూత్రపు రోగము వచ్చిన ఎడ్ల నెత్తుటిలో ఇట్టి జీవినే చూచియుండుటచేత, దానికి పిమ్మట బబేసియా అను పేరు వచ్చినది. స్మిత్తు, కిల్బర్నుల గ్రంథము 1893లో వెలువడెను. ఒక చిన్నప్రాణి కాటుచేత పరాన్నజీవి వలని రోగము సంక్రమించునని ప్రయోగములచే రుజువు చేసిన మొదటి గ్రంథ మిదియే. సికిందరాబాదులో రోనాల్డు రాసు దోమ కడుపున చలిజ్వరపు బీజమును చూచినది దీనికి నాలుగేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20వ తేదీన. ఆ కథ మన బడిపిల్లలకు తెలియును. ఆవుల కథ తెలియదు.

పిడుదు గుట్టు బయటపడినది గాని, అసలు ప్రశ్న అట్లే నిలిచినది. దక్షిణపు పశువు నెత్తురు తీసి ఉత్తరపు పశువున కెక్కించినచో ఉత్తరపుది జ్వరపడును. అనగా దక్షిణపుదాని నెత్తుట బీజ మున్నది. ఉన్నను అది యేల చావదు?

దీనికి మొదటి యుత్తరము దూడలయందు దొరకినది. పిడుదులుగల సీమలో పుట్టిన దూడకు పసితనముననే బీజము సోకును. ఆఱు మొదలు తొమ్మిది నెలలలోపు దూడ సాధారణముగా కొలదిపాటి జ్వరముతో గట్టెక్కును. పెరిగిన పశువునకు మొదటిసారి సోకినచో ప్రాణాపాయము. మనుష్యులలో చంటిబిడ్డ దుర్బలుడు, పెద్దవాడు బలవంతుడు అను మన యనుభవమునకు ఇది తలక్రిందులు. కాని ప్లీహమును తీసివేసిన దూడకు ఈ రక్షణ పోవును. ప్లీహ మన నేదో వింత యవయవము కాదు. చలిజ్వరము నాటుకొన్నవారికి ఎడమ డొక్కలో గట్టిపడినప్పుడు మన పల్లెలలో ‘బల్ల’ అనునది అదియే.

అచ్చట జరుగునది యేమో నేడు చాలవఱకు తెలిసినది. నెత్తురు ప్లీహములోని యిరుకుదారులలో మెల్లగా వడియును. ఆ దారులలో స్థూలభక్షకములను పెద్ద తెల్లకణములు కూర్చుండి, బీజము పట్టిన ఎఱ్ఱకణములను పట్టి మ్రింగును. తెల్లకణములు శత్రువును మ్రింగి కాపాడునని మొదట చెప్పినవాడు రష్యా దేశపు మెచ్నికాఫు. ఆయన నక్షత్రమత్స్యపు పిల్లలలో చూచి చెప్పినది మన ఆవు ప్లీహమునందును సత్యమే. మ్రింగిన కణము ఊరకుండదు. ఇంటర్ల్యూకిన్-12 అను రసమును విడిచి యితర కణములను లేపును. లేచిన కణములు గామా ఇంటర్ఫెరాను అను మఱియొక రసముతో బదులిచ్చును. అది తగిలిన స్థూలభక్షకము నైట్రిక్ ఆక్సైడు అను వాయువును పుట్టించి బీజములను చంపును. బబేసియా బోవిస్ అను జాతి బీజమును దూడలకును పెద్ద పశువులకును ఎక్కించి పోల్చి చూచిన అమెరికా పరిశోధకులు, దూడలలో ఈ పిలుపును బదులును తొలిదినములలోనే ప్లీహమున జరుగుననియు, పెద్ద పశువులలో ఆలస్యముగా జరుగుననియు కనుగొనిరి. ఆ ఆలస్యములో బీజములు పెచ్చు పెరుగును. ఆరోగ్యముగల ఆవు నెత్తుట ఘన మిల్లీమీటరునకు 60, 70 లక్షల ఎఱ్ఱకణము లుండవలసినచోట, జ్వరపు దినములలో 20 లక్షలకు దిగువకును పడిపోవచ్చును. మూత్రము ఎఱ్ఱనగుట ఈ పగిలిన కణముల రంగువలననే.

గట్టెక్కిన దూడ నెత్తుట బీజము సమూలముగా నశింపదు. కొన్ని ముసుగులు మార్చుకొని దాగియుండును. సహాయక లింఫోసైటులను కణములు వాని గుర్తును జ్ఞాపకముంచుకొని, అవి తలయెత్తినప్పుడెల్ల ప్రతిరక్షకములను పుట్టింపజేసి అణచుచుండును. అల్జీరియాలోని పాస్తూరు సంస్థలో పని చేసిన ఎడ్మండు సెర్జాను, శత్రువు లోన మిగిలియున్నంతకాలము నిలుచు ఈ విధమైన రక్షణకు ‘ప్రీమ్యునిషను’ అని వేఱుగా పేరు పెట్టెను. సంస్కృతమున చెప్పవలసిన నేను దీనిని విజయ మనను, ‘సంధి’ అందును. ఆస్ట్రేలియాలో మహోనీ, రాసు అను పరిశోధకులు 1972లో లెక్కలు కట్టి, మందలోని దూడలలో ముప్పాతికపాలునకు పైగా తొమ్మిది నెలలలోపుననే బీజము సోకినచో ఆ మందలో పెద్ద పశువుల చావులు అరుదని చెప్పిరి. పిడుదులు బొత్తిగా లేకున్నను మేలే. తగినన్ని యున్నను మేలే. అరకొరగా నున్నచోటనే చావులు. మందులు చల్లి సగము చంపి ఊరకుండు మన యలవాటునకు ఈ లెక్క తగును.

ఆఫ్రికా ఖండమున మఱియొక విధమైన పోరు కలదు. అచ్చట త్సెత్సె యను ఈగ కాటుచే వచ్చు నగానా రోగపు బీజమును 1895లో జూలూ సీమయందలి ఉబొంబో గుట్టమీద డేవిడు బ్రూసు కనుగొనెను. ఆయన భార్య మేరీ సూక్ష్మదర్శిని ముందు ఆయనతో సమానముగా పాటుపడినది; పాఠ్యపుస్తకములలో ఆమె పేరు అరుదు. అంతకు ముందే, 1880లో, మన దేశపు పడమటి హద్దున డేరా ఇస్మాయిల్ఖానులో గ్రిఫితు ఎవాన్సు గుఱ్ఱములు, ఒంటెల ‘సుఱ్ఱా’ రోగమున ఇదే వంశపు జీవిని చూచెను. ఈ ట్రిపనోసోములు కణములలో దూరవు. నెత్తుటి నీటిలో బహిరంగముగా ఈదును. వాని యొడలిపై నొక మాంసకృత్తు చొక్కా యుండును. ఆవు లింఫోసైటులు ఆ చొక్కాను గుర్తించి ప్రతిరక్షకములను పుట్టించి, చూచినవానినెల్ల చంపును. అంతలో చొక్కా మార్చిన కొన్ని మిగిలి మరల పెరుగును. ఇట్టి చొక్కాల నమూనాలు ఒక్కొక్క బీజమునందు వేయికి పైగా నున్నవి. జ్వరము అలలుగా వచ్చుటకు కారణమిది. పశ్చిమాఫ్రికాలోని ఎన్‌డామా అను జాతి పశువు వేల యేండ్లుగా ఈ పోరులో నలిగి, నెత్తురు క్షీణింపకుండ బీజములను అదుపులో నుంచు నేర్పు సంపాదించినది.

ఇక తూర్పుతీర జ్వరము మాట. ఇది పై రెండింటికంటెను ఘోరము. శాస్త్రజ్ఞులను ఎక్కువకాలము మోసగించినదియు నిదియే. 1896, 97 సంవత్సరములలో పెద్దరోగము దక్షిణాఫ్రికా పశువులను ఊడ్చిపెట్టెను. పిమ్మట బోయరు యుద్ధము. మందలను మరల నింపుకొనుటకై రొడీషియావారు తూర్పుతీరమునుండి బైరా రేవు మీదుగా పశువులను తెప్పించిరి. 1902 నాటికి క్రొత్త జ్వరము వ్యాపించెను. చెవి క్రింది గ్రంథులు వాచును, ఊపిరితిత్తులు నీరుపట్టును, ముక్కున నురుగు వచ్చును, నూటికి తొంబదికి పైగా చచ్చును. అక్కడి ప్రభుత్వములు జర్మనీనుండి రాబర్టు కాఖును పిలిపించినవి. క్షయబీజమును కనుగొన్న మహనీయుడు. ఆయనకంటె పెద్దపేరు అప్పుడు లేదు. 1903లో బులవాయో చెంత హిల్‌సైడు బసలో ఆయన పని ప్రారంభించెను.

కాఖు ఆలోచనలో తర్క మున్నది. రోగి నెత్తుటి ఎఱ్ఱకణములలో చిన్న బీజములు కనబడుచున్నవి. టెక్సాసు జ్వరములో కోలుకొన్న పశువు నెత్తురెక్కించినచో స్వల్పజ్వరము వచ్చి రక్షణ కలుగును. ఇచ్చటను కోలుకొన్న పశువు నెత్తుటినే కొద్దికొద్దిగా, నెలల తరబడి, ఎక్కించినచో రక్షణ కలుగకేమి? కోలుకొన్నదానిని అచ్చటి వలసదారులు ‘ఉప్పు వేసిన పశువు’ అనెడివారు; ఉప్పు వేసిన ఊరగాయవలె చెడదని కాబోలు. కాఖు చెప్పినట్లు కర్షకులు మందలకు సూదులు పొడిపించిరి. పశువులు చచ్చుచునేయుండెను. పిడుదే రోగవాహకమని చార్లెసు లౌన్స్‌బరీ అను కీటకశాస్త్రజ్ఞుడు తేల్చెను. యంత్రమున ఎడమచేయి పోగొట్టుకొని ఒంటిచేతితో పని చేసిన స్విట్జర్లాండు పశువైద్యుడు ఆర్నాల్డు థైలరు దానిని దృఢపఱచి, ఇది టెక్సాసు జ్వరము కాదు, వేఱు జాతియని చూపెను. నేడు ఆ బీజమునకు థైలీరియా అని ఆయన పేరే.

కాఖు ఎచ్చట పొరపడెను? పోరు ఎఱ్ఱకణములలో జరుగుచున్నదని తలచి అచ్చట వెదకెను. థైలీరియా మొదట దూరునది ఎఱ్ఱకణములలో కాదు, కావలియుండు లింఫోసైటులలోనే. దూరి ఆ కణమును చంపదు. దానిచే ఎడతెగక విభజన చేయించును. కణము రెండుగా చీలునప్పుడు చీల్చు దారములను తానును పట్టుకొని రెండింటిలోను పాలుపంచుకొనును. కావలివాండ్రు ఈ తీరున శత్రువు సేనయై పెరిగి, గ్రంథులను నింపి, ఊపిరితిత్తులకు ప్రాకుదురు. వాచిన గ్రంథులలోని ఆ నీలి మచ్చలను కాఖు తానే చూచెను. నేటికిని అవి ఆయన పేరుననే ‘కాఖు మచ్చలు’ అనబడుచున్నవి. చూచినవాని అర్థము ఆయనకు అందలేదు. ఇందు ఆయనను ఎగతాళి చేయవలసిన పని లేదు. లింఫోసైటులు చేయు పని యేమో 1960వ దశకము వఱకు ఎవ్వరికిని సరిగా తెలియదు.

రక్షణ మార్గము వేఱొక వైపునుండి వచ్చినది. ఆండర్‌స్టెపోర్టు పరిశోధనాలయమున నీట్సు అను శాస్త్రజ్ఞుడు 1953లో, పిడుదుల ద్వారా బీజమును సోకించుచునే ఆరియోమైసిను మందిచ్చినచో పశువు చావక రక్షణ పొందునని చూపెను. 1970వ దశకమున కెన్యాలోని ముగుగాలో మూడు రకముల బీజములను కలిపి చలువలో నిలువచేసి, మందుతో కూడ నొకేసారి యిచ్చు పద్ధతి సిద్ధమయ్యెను. కాని రక్షించునది యేది? నెత్తుటి ప్రతిరక్షకములను తీసి యెక్కించినను ఫలము లేదు. 1994లో నైరోబీ పరిశోధకులు ఒకే పిండమునుండి పుట్టిన కవల దూడలతో దీనిని తేల్చిరి. ఒక దూడకు రక్షణ కలిగించి, మరల బీజము సోకించి, గ్రంథినుండి వెడలు శోషరసమును గొట్టముతో పట్టి, అందలి సి.డి. 8 అను గుర్తుగల లింఫోసైటులను ఏర్చి, ప్రాణాంతకముగా బీజము సోకిన కవలకు ఎక్కించిరి. అది బ్రదికెను. ఆ గుర్తుగలవానిని తొలగించి తక్కినవాని నెక్కించినప్పుడు రక్షణ కలుగలేదు. శత్రువశమైన తోడి కణమును గుర్తుపట్టి చంపునవి ఈ సి.డి. 8 కణములే. ఇంటిదొంగను పట్టువాడు ఇంటివాడే యన్నమాట.

మన దేశమున నున్నది దీనికి దాయాదియైన థైలీరియా అన్యులేటా. ఇది ముఖ్యముగా స్థూలభక్షకములనే పట్టును. నాటుపశువులు దీనిని చాలవఱకు ఓర్చుకొనును. విదేశపు ఎద్దులతో సంకరపఱచిన పాడియావులు ఓర్వలేవు. అప్పు చేసి కొన్న సంకరపు ఆవు ఈనిన నెలలోపల గ్రంథులు వాచి పడిపోవుట ‘ఈనగాచి నక్కలపాలు చేసినట్లు’ అను మాటకు ఉదాహరణము. భేద మెక్కడ నున్నదో 2005లో ప్రకటింపబడిన యొక పరిశోధన కొంత చూపినది. సాహివాల్ దూడలకును ఐరోపా జాతి దూడలకును ఒకే విధముగా బీజము సోకించిరి. ఐరోపా దూడలలో జ్వరము హెచ్చు. వాపును సూచించు మాంసకృత్తులు నెత్తుట మిక్కుటముగా పెరిగెను. సాహివాల్ దూడలలో ఆ యుద్రేకము తక్కువ, అవియే కోలుకొనెను. అనగా, బీజము పట్టిన కణములు కేకలు పెట్టి దేహమంతటిని తగులబెట్టుటయే మృత్యుహేతువులలో నొకటి. పాలదిగుబడి లెక్కలు వ్రాయు పుస్తకములో ఈ గుణమునకు నిలువుగడి యుండదు. పాలు హెచ్చుటకై సంకరము చేయుట తప్పని నే ననను. బిడ్డలకు పాలు కావలెను. కాని ఆవును అమ్మువాడు పాలలెక్క చెప్పి దీనిని చెప్పకుండుట న్యాయము కాదు.

మందును లేకపోలేదు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్సు వారు ‘రక్షావాక్-టి’ అను టీకాను తయారు చేసిరి. బీజము పట్టిన ఆవు తెల్లకణములనే దేహము వెలుపల బహుకాలము పెంచి, బీజపు తీవ్రత చచ్చిన పిమ్మట, ద్రవ నత్రజనిలో నిలువయుంచి యిత్తురు. శత్రువు పట్టిన కావలివానినే చూపి తక్కినవారికి పాఠము చెప్పించుట యిది. ఆ చలువ నిలువపాత్ర మారుమూల పల్లెలకు పోవుటయే కష్టము.

మన పశువుల ఓర్పు అమెరికావారికి ఎంత నచ్చినదనగా, 1906లో టెక్సాసు కామందు లొకరు భారతదేశమునకు వచ్చి పశువులను కొని ఓడలో గొనిపోయిరి. న్యూయార్కు రేవు చెంత ఆపి రక్తము పరీక్షింపగా, చూపునకు పుష్టిగా నున్నవానిలోనే కొన్నిటి నెత్తుట సుఱ్ఱా బీజము కనబడెను. వానిని చంపివేసిరి, మిగిలిన 33 పశువులు టెక్సాసు చేరెను. అదే యేడు ప్రారంభమైన పిడుదుల నిర్మూలనము 1943 నాటికి ఆ దేశమున దాదాపు ముగిసినది, ఒక్క దక్షిణపు హద్దున దక్క. రియో గ్రాండీ నదిని దాటి మెక్సికోనుండి వచ్చు త్రోవతప్పిన పశువులను పట్టుటకై ప్రభుత్వపు రౌతులు నేటికిని ఆ యొడ్డున గుఱ్ఱములమీద తిరుగుచున్నారు. పట్టిన ఆవు ఎంత ఆరోగ్యముగా కనబడినను, మొదట చెవులు, గంగడోలు, తొడల సందులు తడిమి చూతురు.